హోలో-పై సమీక్ష: ఒక్క ఫ్రేమ్‌లోంచి కణం లోతు తేల్చే సాఫ్ట్‌వేర్

నీటిలో అటూ ఇటూ కదిలే సూక్ష్మ కణాన్ని మూడు దిశల్లోనూ వెంబడించడానికి కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌తో పొరలు పొరలుగా స్కాన్ చేయవచ్చు. కానీ స్కాన్ పూర్తయ్యేలోపు కణం ఉన్నచోట ఉండదు. హోలోగ్రఫీలో ఆ తిప్పలు లేవు. లేజర్ వెలుగులో ఒక్క ఫ్రేమ్ తీస్తే, కణం చుట్టూ ఏర్పడిన వలయాల్లోనే దాని లోతు దాగి ఉంటుంది. ఆ వలయాల్ని చదివి అంకెలుగా మార్చే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఈ హోలో-పై. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మనోహరన్ పరిశోధన బృందం దీన్ని తయారుచేసి, జీపీఎల్ లైసెన్స్ కింద ఉచితంగా అందుబాటులో ఉంచింది.

తీర్పు ముందే చెప్పేస్తాను. కణాలు గోళాకారంలో ఉండి, నమూనా పలచగా ఉండి, కణం వ్యాసం అర మైక్రాన్ నుంచి నాలుగైదు మైక్రాన్ల మధ్య ఉంటే ఇది చాలా మంచి సాధనం. ఎక్స్, వై స్థానాలు కొన్ని నానోమీటర్ల తేడాతోనూ, జెడ్, అంటే లోతు, పదుల నానోమీటర్ల తేడాతోనూ తెలుస్తాయి. వాటితోపాటే కణం వ్యాసార్థం, వక్రీభవన గుణకం కూడా వస్తాయి. ఒక్క పెద్ద చిక్కు: మీరు ఎంత తప్పుడు డేటా ఇచ్చినా ఇది నాలుగు దశాంశ స్థానాలతో ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబును నమ్మాలో వద్దో తేల్చుకునే భారం పూర్తిగా వాడేవాళ్లదే. అందుకే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందన్నదాని కంటే దానికి ఏం ఇవ్వాలి, వచ్చింది ఎలా పరీక్షించాలి అన్నదాని మీదే ఈ సమీక్ష ఎక్కువసేపు నిలుస్తుంది.

పని చేసే సూత్రం ఇది. లేజర్ కాంతి నమూనా గుండా నేరుగా పోతుంది. అందులో కొంత కణానికి తగిలి చెదురుతుంది. చెదిరిన కాంతి, చెదరని కాంతి కలిసి వ్యతికరణం చెందితే కెమెరా మీద ఒకే కేంద్రం చుట్టూ వలయాలు పడతాయి. కణం ఫోకస్ తలం నుంచి దూరమయ్యేకొద్దీ వలయాలు విశాలమవుతాయి. డెనిస్ గాబోర్ 1948లో ప్రతిపాదించిన హోలోగ్రఫీ అమరిక ఇదే, అప్పటి ఫొటో ఫలకం స్థానంలో ఇప్పుడు కెమెరా ఉందంతే.

ఈ హోలోగ్రామ్ నుంచి లోతు రాబట్టే పద్ధతులు రెండు. మొదటిది పునర్నిర్మాణం: కాంతిని కంప్యూటర్‌లో వెనక్కి నడిపించి, ఎక్కడ కుదురుకుంటుందో చూడటం. ఇది వేగంగా అవుతుంది, కానీ కణం జెడ్ దిశలో సాగదీసినట్టు కనిపిస్తుంది. పైగా తరంగదైర్ఘ్యానికి దగ్గరి సైజు కణాలు కాంతిని తామే కొంత కేంద్రీకరిస్తాయి కాబట్టి, అత్యంత ప్రకాశవంతంగా ఉన్న చోటే కణం కేంద్రం అనుకోవడం తప్పు. రెండోది ఫిట్: గోళం కాంతిని ఎలా చెదరగొడుతుందో చెప్పే లోరెంజ్-మీ సిద్ధాంతంతో హోలోగ్రామ్‌ను లెక్కగట్టి, అసలు చిత్రంతో సరిపోయేదాకా ఐదారు పరామితుల్ని సవరించడం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గ్రయర్ బృందం 2007లో చూపించిన దారి ఇది. హోలో-పైలో రెండూ ఉన్నాయి. పునర్నిర్మాణాన్ని తొలి అంచనాకు మాత్రమే వాడండి. పత్రంలో వేసుకునే అంకె ఫిట్ నుంచే రావాలి.

ఇన్‌స్టాలేషన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కోండా-ఫోర్జ్ నుంచి తెచ్చుకుంటే నిమిషాల్లో అయిపోతుంది. సోర్స్ నుంచి కట్టుకోవాలంటే ఫోర్ట్రాన్ కంపైలర్ కావాలి, ఎందుకంటే కాంతి పరిక్షేపణం లెక్కల్లో కొన్ని ఆ భాషలోనే ఉన్నాయి. దీనికంటూ విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవడం మేలు. వేరే పనికోసం నమ్‌పై వెర్షన్ మార్చిన రోజున ఇది మొరాయించకుండా ఉంటుంది.

ముందు మైక్రోస్కోప్ సంగతి

పిండి కొద్దీ రొట్టె. హోలో-పై తీసుకునేది వలయాల ఆకారాన్ని కాబట్టి, వలయాల్ని పాడుచేసేవన్నీ జెడ్‌ను పాడుచేస్తాయి.

కాంతి జనకంగా 640 నుంచి 660 నానోమీటర్ల డయోడ్ లేజర్ సరిపోతుంది. లేబుల్ మీది అంకెను గుడ్డిగా తీసుకోవద్దు. 660 అని రాసి ఉన్న డయోడ్ అసలు 657 దగ్గర వెలగవచ్చు, వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.2 నానోమీటర్ జరుగుతుంది కూడా. తరంగదైర్ఘ్యంలో అర శాతం తప్పు జెడ్‌లోనూ దాదాపు అర శాతం తప్పు తెస్తుంది. స్పెక్ట్రోమీటర్‌తో ఒకసారి కొలిచి ఆ అంకె రాసిపెట్టుకోండి. మరీ పొడవైన పొందిక (కోహెరెన్స్) ఉన్న లేజర్‌తో ఇంకో బెడద ఉంది: ప్రతి గాజు తలం నుంచీ వచ్చే ప్రతిబింబాలు ఒకదానితో ఒకటి కలిసి చిత్రమంతా చారలు చారలుగా తయారవుతుంది. వీటిలో తరచుగా కనిపించే దోషి కెమెరా సెన్సర్ ముందున్న రక్షణ గాజు. అది లేని కెమెరా దొరికితే అదే కొనండి. లేజర్ బదులు ఎల్‌ఈడీ వాడితే చారలు పోతాయి. కానీ 630 నానోమీటర్ల దగ్గర 20 నానోమీటర్ల వెడల్పున్న ఎల్‌ఈడీ పొందిక పొడవు సుమారు 20 మైక్రాన్లే. కణం లోతుగా ఉన్నప్పుడు బయటి వలయాలు ముందుగా మసకబారతాయి. జెడ్ గురించిన సమాచారం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వలయాల్లోనే.

కిరణపుంజం సమాంతరంగా, ఆప్టికల్ అక్షం వెంట రావాలి. 1 డిగ్రీ వాలినా, ఫోకస్ నుంచి 20 మైక్రాన్ల ఎత్తులో ఉన్న కణం వలయాల కేంద్రం దాదాపు 0.35 మైక్రాన్ పక్కకు జరుగుతుంది. అంటే కణం పైకి కదిలితే పక్కకు కూడా కదిలినట్టు అంకెలు చెబుతాయి. గాజుకు అతుక్కున్న పూసను (పరీక్షకు వాడే గోళాకార కణాన్ని) చూస్తూ ఫోకస్ మార్చండి. వలయాలు ఉన్నచోటే పెద్దవై చిన్నవైతే అమరిక బాగున్నట్టు. పక్కకు జారితే అద్దాల్ని మళ్లీ సరిచేసుకోవాలి. హోలో-పై లెక్కల నమూనా (మోడల్) కాంతి నిలువుగా వస్తుందనే అనుకుంటుంది కాబట్టి వాలును తనంతట తాను పట్టుకోలేదు.

ఇక కెమెరా. మోనోక్రోమ్, గ్లోబల్ షట్టర్ తప్పనిసరి. గామా 1 దగ్గర ఉంచండి, ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ రెండూ ఆపేయండి. రికార్డింగ్‌ను కంప్రెస్ చేసిన వీడియోగా దాచొద్దు. సన్నని వలయాల్నే కంప్రెషన్ ముందుగా మింగేస్తుంది. టిఫ్ ఫ్రేములుగానే దాచండి. 8 బిట్ కెమెరా అయితే ఖాళీ నేపథ్యం 255లో 100 దగ్గర ఉండేలా కాంతి సర్దుకోండి, ఎందుకంటే వలయాల మధ్యనున్న చుక్క నేపథ్యానికి రెండింతలు దాటవచ్చు. ఆ చుక్క నిండిపోయి 255 దగ్గర ఆగితే వక్రీభవన గుణకం తక్కువగా వస్తుంది, ఎందుకలా వచ్చిందో అర్థం కాదు.

ఎక్స్‌పోజర్ సమయం దగ్గర ఒక చిన్న లెక్క అవసరం. 25 డిగ్రీల నీటిలో 1 మైక్రాన్ వ్యాసం పూస విసరణ గుణకం సెకనుకు సుమారు 0.49 చదరపు మైక్రాన్లు. 1 మిల్లీసెకనులో అది ఒక్కో దిశలో సగటున 31 నానోమీటర్లు కదులుతుంది. 50 మైక్రోసెకన్లలో అయితే 7 నానోమీటర్లే. పది నానోమీటర్ల ఖచ్చితత్వం కోరుకుంటూ 5 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే ఆ రెండూ పొసగవు. లేజర్‌కు శక్తి చాలకపోతే వెలుతురు పెంచుకోండి, షట్టర్ సమయం మాత్రం పెంచొద్దు.

పిక్సెల్ సైజు క్రమాంకనమే ఈ పద్ధతికి మూలం. 5.5 మైక్రాన్ల పిక్సెల్, 60 రెట్ల లెన్స్ ఉంటే నమూనా తలంలో ఒక్కో పిక్సెల్ 0.0917 మైక్రాన్ అని లెక్క వస్తుంది. అది కాగితం మీది అంకె. ట్యూబ్ లెన్స్ వేరే తయారీదారుదైతే 60 రెట్లు అన్నది 54 కావచ్చు, 67 కావచ్చు. 10 మైక్రాన్ల గీతలున్న స్టేజ్ మైక్రోమీటర్‌తో కొలిచి తీరాలి. ఎంత జాగ్రత్తగా అంటే, వలయం వ్యాసార్థం వర్గానికి జెడ్ అనులోమంగా ఉంటుంది కాబట్టి పిక్సెల్ సైజులో 1 శాతం తప్పు జెడ్‌లో దాదాపు 2 శాతం అవుతుంది. 20 మైక్రాన్ల ఎత్తులో అది 0.4 మైక్రాన్. ఇంత తప్పు ఉన్నా ఫిట్ చూడటానికి చక్కగానే ఉంటుంది.

నమూనా తయారీలో జనం ఎక్కువగా తడబడేది గాఢత దగ్గర. 1 శాతం ఘనపదార్థం ఉన్న 1 మైక్రాన్ పాలిస్టైరీన్ స్టాక్‌ను 10,000 రెట్లు పలచన చేస్తే, 100 మైక్రాన్లు పొడవు, 100 వెడల్పు, 50 లోతు ఉన్న ప్రదేశంలో సగటున ఒక పూస ఉంటుంది. 1,000 రెట్లే పలచన చేస్తే తొమ్మిది పది ఉంటాయి, వలయాలు ఒకదానిమీదొకటి పడతాయి. పలచన చేసే నీటిని 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టండి. నమూనా ఉంచిన గాజు సెల్ అంచులు పూర్తిగా మూయకపోతే నీరు ఆవిరవుతూ లోపల ప్రవాహం పుట్టి, కణాలన్నీ ఒకే దిక్కుకు పోతాయి.

డేటా ఇవ్వడం

హోలో-పైకి మూడు రకాల చిత్రాలు కావాలి: కణం ఉన్నది, కణం లేని నేపథ్యం, కాంతి మూసేసిన చీకటి చిత్రం. మొదటి రెండింటిలోంచీ చీకటిని తీసేసి, కణం ఉన్న చిత్రాన్ని నేపథ్యంతో భాగిస్తుంది. తీసివేయడం కాదు, భాగించడమే సరైనది. వలయాల్లోని వెలుగు చీకట్ల తేడా అక్కడి కాంతి తీవ్రతను బట్టి మారుతుంది కాబట్టి, భాగిస్తేనే చిత్రం మూల నుంచి మూలకు ఒకే కొలమానం వస్తుంది. భాగించాక ఖాళీ చోట విలువ 1 దగ్గర ఉండాలి.

నేపథ్యం కోసం సెల్‌ను పక్కకు జరిపి ఖాళీ చోటు వెతకడం అందరూ చేసేదే. అయితే గాజు మీది మరకలు కూడా జరుగుతాయి కదా, వాటి నీడలు రెండింతలై మిగులుతాయి. అంతకంటే మంచి ఉపాయం: కణం బాగా తిరిగిన కొన్ని వందల ఫ్రేముల్లో ప్రతి పిక్సెల్‌కూ మధ్యస్థ విలువ తీసుకోవడం. కదిలేవన్నీ మాయమై కదలని మురికి మాత్రం నేపథ్యంలో ఉంటుంది. కణం అతుక్కుపోయి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, కణం కూడా నేపథ్యంలో కలిసిపోతుంది.

చిత్రంతోపాటు నాలుగు వివరాలు ఇవ్వాలి: పిక్సెల్ సైజు, మాధ్యమం వక్రీభవన గుణకం, తరంగదైర్ఘ్యం, ధ్రువణ దిశ. ఇక్కడే హోలో-పై మీద నాకున్న మొదటి ఫిర్యాదు. ప్రమాణాల్ని ఇది పట్టించుకోదు. మైక్రాన్లలో ఇచ్చినా, నానోమీటర్లలో ఇచ్చినా, ఒకటి ఇందులో మరొకటి అందులో ఇచ్చినా నోరు మెదపదు. పిక్సెల్ 0.0917 అనీ తరంగదైర్ఘ్యం 660 అనీ ఇచ్చిన స్క్రిప్టులు తప్పుడు ఫిట్‌లకు అతి సాధారణ కారణం. తరంగదైర్ఘ్యం శూన్యంలో ఉన్నదే ఇవ్వాలి, నీటిలోకి మార్చే పని అదే చూసుకుంటుంది. మీరు ముందే 1.33తో భాగించి ఇస్తే అది మళ్లీ భాగిస్తుంది.

అక్షాల విషయంలోనూ జాగ్రత్త. మూలబిందువు ఎడమ పై మూల పిక్సెల్. ఎక్స్ అంటే వరుస సంఖ్య, కిందికి పెరుగుతుంది. వై అంటే నిలువు వరుస సంఖ్య, కుడికి పెరుగుతుంది. చిత్రాలు చూసే మామూలు అలవాటుకు ఇది తిరగబడినట్టు ఉంటుంది. ధ్రువణాన్ని ఎక్స్ దిశలో అని రాసి, అసలు లేజర్ వై దిశలో ఉంటే ఫిట్ కుదిరినట్టే కనిపిస్తుంది, మిగులు చిత్రంలో (అసలు చిత్రంలోంచి లెక్కించినదాన్ని తీసేస్తే మిగిలేదాంట్లో) మాత్రం నాలుగు రేకుల పువ్వులాంటి ఆకారం వస్తుంది. అది కనిపిస్తే వెంటనే ధ్రువణాన్ని అనుమానించండి.

ఫిట్ చేయడం

మొదటి మెట్టు వలయాల కేంద్రం. హోలో-పైలోని కేంద్రం వెతికే ఫంక్షన్ హఫ్ పద్ధతితో పనిచేస్తుంది. నేపథ్యం శుభ్రంగా ఉంటే చాలినంత దగ్గరి అంచనా ఇస్తుంది. నేపథ్యం సరిగా తీయకపోతే ధూళి మచ్చల వలయాల్ని కణాలుగా లెక్కిస్తుంది.

జెడ్ తొలి అంచనా అంతకంటే ముఖ్యం. దీన్ని చేత్తోనే తేల్చవచ్చు. వరసగా ఉన్న రెండు ప్రకాశ వలయాల వ్యాసార్థాలు మైక్రాన్లలో కొలిచి, వాటి వర్గాల తేడా కట్టండి. ఆ తేడా, నీటిలోని తరంగదైర్ఘ్యానికి రెండింతలను జెడ్‌తో గుణిస్తే వచ్చేదానికి సమానం. 660 నానోమీటర్ల కాంతికి నీటిలో ఆ రెండింతలు 0.99 మైక్రాన్. అంటే వర్గాల తేడా ఎంత వస్తే జెడ్ దాదాపు అన్ని మైక్రాన్లే! లోపలి వలయాల్ని వాడండి. వలయం వ్యాసార్థం జెడ్‌లో సగం చేరేసరికి ఈ సూత్రం పన్నెండు శాతం దాకా తప్పుతుంది. తొలి అంచనాకు అదేమీ ఇబ్బంది కాదు.

తొలి అంచనా మరీ దూరంగా ఉంటే ఏమవుతుందంటే, జెడ్ ఒక వలయం అటో ఇటో జరిగిన చోట లెక్క స్థిరపడిపోతుంది. వలయాలు ఆవర్తనంగా వస్తాయి కాబట్టి ఒకదానిమీద ఇంకొకటి సరిపోయినట్టు కనిపించే తప్పుడు లోయలు చాలానే ఉంటాయి. హోలో-పైలో మామూలుగా వచ్చే లెవెన్‌బర్గ్-మార్క్వార్ట్ పద్ధతి దగ్గరున్న లోయలోకి దిగి అక్కడే ఆగుతుంది. తొలి అంచనా మీద నమ్మకం లేకపోతే సీఎంఏ అనే పరిణామ పద్ధతి ఎంచుకోండి. నెమ్మదిగా నడిచినా విశాలంగా వెతుకుతుంది. అన్ని ఫ్రేములకూ అదే వాడటం మాత్రం సమయం దండగ. మొదటి ఫ్రేముకు సీఎంఏ, ఆ తర్వాత ఫ్రేములకు ముందు ఫ్రేము జవాబే తొలి అంచనాగా మామూలు పద్ధతి, ఇలా నడిపితే బాగుంటుంది. మధ్యలో ఒక ఫ్రేము చెడితే ఆ తప్పే తర్వాతి ఫ్రేములకు అంటుకుంటూ పోతుంది. కాబట్టి వ్యాసార్థం ఒక్కసారిగా మారిన చోట ఆగి, మళ్లీ మొదటినుంచి వెతికేలా ఒక షరతు రాసుకోండి. ఒకే పూస వ్యాసార్థం ఫ్రేము ఫ్రేముకూ మారదు కదా, అంతకంటే మంచి కాపలాదారు ఉండదు.

పరామితుల హద్దుల్ని కూడా ఆలోచించి పెట్టాలి. పాలిస్టైరీన్ గుణకం 1.59 దగ్గర, సిలికా పూసలది 1.42 నుంచి 1.46 మధ్య, నీటిది 1.33. ఈ హద్దులు విశాలంగా వదిలేస్తే గుణకం, వ్యాసార్థం ఒకదాని తప్పును మరొకటి సర్దేసుకుంటాయి. కణం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే పరిస్థితి ఇంకా దారుణం. అప్పుడు పరిక్షేపణం ఘనపరిమాణం, గుణకాల తేడాల లబ్ధం మీద మాత్రమే ఆధారపడుతుంది. రెంటినీ విడదీయడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ చేతకాదు. వ్యాసార్థం 100 నానోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి గుణకాన్ని తెలిసిన విలువ దగ్గర కట్టేసి, స్థానం మాత్రం అడగండి.

ఆల్ఫా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెదిరిన కాంతి సిద్ధాంతం చెప్పినంత బలంగా కెమెరాను చేరకపోతే, ఆ లోటును సర్దడానికి పెట్టిన గుణకం ఆల్ఫా. మామూలుగా 1కి కాస్త తక్కువ వస్తుంది. నిజం చెప్పాలంటే ఇది తప్పుల్ని ఊడ్చి దాచే గోనెసంచి. అమరిక చెడినా, నేపథ్యం తప్పినా, కెమెరా నిండిపోయినా ఆ తేడా అంతా ఆల్ఫాలో పడిపోయి, మిగతా అంకెలు నిక్షేపంగా కనిపిస్తాయి. ఆల్ఫా హద్దుకు తగిలి ఆగినా, ఒకే కణానికి ఫ్రేముల మధ్య ఊగినా ఆ డేటాను పక్కన పెట్టండి.

దీనికి హోలో-పై ఇచ్చే మెరుగైన ప్రత్యామ్నాయం లెన్స్ నమూనా (మోడల్). పాత నమూనా ఆబ్జెక్టివ్‌ను, అంటే మైక్రోస్కోప్ ప్రధాన లెన్స్‌ను, కేవలం పెద్దది చేసే పరికరంగా చూస్తుంది. కణం ఫోకస్ నుంచి దూరంగా ఉన్నంతవరకు అది చెల్లుతుంది, దగ్గరికి వస్తే చెల్లదు. 2020లో మనోహరన్ బృందం ఆబ్జెక్టివ్ కాంతిని ఎంత కోణం దాకా పోగుచేస్తుందో కూడా లెక్కలోకి తీసుకున్న నమూనాను ప్రచురించింది. దీంతో కణం ఫోకస్ తలాన్ని దాటి కిందికి వెళ్లినా వెంబడించవచ్చు. పాత నమూనాతో అయితే ఫోకస్ తలాన్ని కణాలన్నిటికంటే కింద, కనీసం ఐదారు మైక్రాన్ల దూరంలో ఉంచుకోవాల్సి వచ్చేది. ఇవ్వాల్సిన కోణం రేడియన్లలో. 1.2 న్యూమరికల్ ఎపర్చర్ ఉన్న నీటి లెన్స్‌కు 1.2ను 1.33తో భాగించి ఆర్క్‌సైన్ తీస్తే 1.12 రేడియన్లు. 1.4 ఆయిల్ లెన్స్‌కు ఇదే లెక్క చేయబోతే నిష్పత్తి 1 దాటి కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. అప్పుడు కోణాన్ని కూడా ఫిట్‌లో ఒక పరామితిగా వదిలేయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆల్ఫా జోలికి పోకుండా నేరుగా లెన్స్ నమూనాతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

వేగం విషయంలో ఒక మంచి సదుపాయం ఉంది. 200 పిక్సెళ్లు పొడవు, 200 వెడల్పు ఉన్న ముక్కలో 40,000 పిక్సెళ్లు ఉంటాయి, కనుక్కోవాల్సినవి ఐదారు అంకెలే. అందుకే యాదృచ్ఛికంగా 1,000 పిక్సెళ్లు ఏరుకుని వాటితోనే ఫిట్ చేయించవచ్చు. అనిశ్చితి కాస్త పెరుగుతుంది, సమయం మాత్రం బాగా కలిసొస్తుంది. ముక్కను మరీ చిన్నగా కత్తిరించడం వేరు, అది చేయొద్దు. బయటి వలయాలు పోతే జెడ్ పట్టు పోతుంది. కనీసం ఎనిమిది పది వలయాలు ముక్కలో ఉండాలి.

అనిశ్చితి అంచనా కావాలంటే ఎమ్‌సీ అనే మాంటీ కార్లో పద్ధతిని వాడుకోవచ్చు, అందుకు చిత్రంలోని శబ్దం (నాయిస్) స్థాయి ఇవ్వాలి. భాగించిన చిత్రంలో ఖాళీ చోట ప్రామాణిక విచలనమే అది. అన్ని ఫ్రేములకూ దీన్ని నడిపితే రోజులు పడుతుంది. మచ్చుకి కొన్ని ఫ్రేములకు చాలు.

ఫిట్ అయ్యాక మొట్టమొదట చూడాల్సింది అంకెల్ని కాదు, మిగులు చిత్రాన్ని. అసలు దాంట్లోంచి లెక్కించినదాన్ని తీసేస్తే ఆకారం లేని గరుకుదనం మిగలాలి. వలయాలు మిగిలితే జెడ్ లేదా వ్యాసార్థం తప్పు. వలయాలు ఒక పక్కకే మిగిలితే అమరిక తప్పు.

జెడ్‌ను నమ్మేముందు

రెండు పరీక్షలు చేయకుండా జెడ్ అంకెను ఎవరికీ చూపించొద్దు.

మొదటిది: గాజుకు అతుక్కున్న పూసను తీసుకుని, పీజో స్టేజ్‌ను 1 మైక్రాన్ చొప్పున జరుపుతూ జెడ్ రాసుకోండి. గీత సూటిగా రావాలి. నీటి లెన్స్ అయితే వాలు 1 ఉండాలి. ఆయిల్ లెన్స్ అయితే 1 రాదు, సుమారు 0.88 వస్తుంది. 1.33ను 1.515తో భాగిస్తే వచ్చేది అదే, నీటిలోకి వెళ్లాక ఫోకస్ తలం స్టేజ్ కంటే తక్కువ జరుగుతుంది. గాలి లెన్స్ అయితే 1.33 రావాలి. ఎక్కువ న్యూమరికల్ ఎపర్చర్ దగ్గర ఈ నిష్పత్తులు కొంత మారతాయి, కానీ ఆయిల్ లెన్స్‌కు 0.8 గానీ 0.95 గానీ వస్తే పిక్సెల్ సైజును మళ్లీ కొలవాలి. గీతలో అలలు కనిపిస్తే నేపథ్యంలోని స్థిరమైన చారలు జెడ్‌ను లాగుతున్నాయని అర్థం.

రెండోది: స్వేచ్ఛగా తిరిగే పూస సగటు వర్గ స్థానభ్రంశాన్ని మూడు దిశల్లోనూ విడివిడిగా గీయండి. మూడు గీతల వాలూ ఒకటే కావాలి. అయితే గోడకు దగ్గరగా ఉంటే కావు, అది సాఫ్ట్‌వేర్ తప్పు కూడా కాదు. అర మైక్రాన్ వ్యాసార్థం పూస గోడ నుంచి 5 మైక్రాన్ల ఎత్తులో ఉంటే గోడకు సమాంతరంగా విసరణ సుమారు 5.6 శాతం, నిలువుగా 11 శాతం తగ్గుతుంది. 20 మైక్రాన్ల ఎత్తులో ఈ తగ్గుదల 1.4, 2.8 శాతాలకు దిగుతుంది. కాబట్టి పరీక్షను సెల్ నడిమధ్యన చేయండి. గీతను సున్నా సమయానికి పొడిగిస్తే వచ్చే అంతరఖండం స్థాన దోషం వర్గానికి రెండింతలు. పొడవైన ఎక్స్‌పోజర్ దీన్ని కిందికి లాగి రుణాత్మకం చేయగలదు, అప్పుడు దోషం లేదని సంబరపడొద్దు. నీటి స్నిగ్ధత డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతుంది, ఉష్ణోగ్రత రాయకుండా విసరణ గుణకాన్ని పుస్తకం విలువతో పోల్చడం అర్థంలేని పని.

పాలిస్టైరీన్ 1 మైక్రాన్ పూస సెకనుకు 30, 35 నానోమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. జెడ్‌లో ఆ నెమ్మదైన వాలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. అంతకంటే ఎక్కువ ఉంటే స్టేజ్ వేడెక్కి జారుతోందేమో చూడండి. పక్కనే ఒక అతుక్కున్న పూస ఉంటే దాని జెడ్‌ను తీసేసి సరిచేయవచ్చు.

ఒక్క గోళం దాటితే

రెండు మూడు గోళాలు దగ్గరగా ఉండి ఒకదాని కాంతి మరొకదానికి తగులుతుంటే, బహుగోళ పరిక్షేపణ లెక్క హోలో-పైలో ఉంది. కొల్లాయిడ్ గుత్తులు ఎలా తిరుగుతున్నాయో కొలవడానికి ఇది నిజంగా విలువైనది, ఇంత సులభంగా మరెక్కడా దొరకదు. గోళాకారంలో లేని వాటికి వివిక్త ద్విధ్రువ పద్ధతి ఉంది, కానీ దాన్ని నడిపే అడ్డా అనే ప్రోగ్రామ్ విడిగా పెట్టుకోవాలి. పైగా ఒక్కో లెక్కకు పట్టే సమయం చూస్తే ఫిట్‌లో వందలసార్లు పిలవడానికి ఓపిక చాలదు. బ్యాక్టీరియా వంటివాటి లోతు మాత్రమే కావాలనుకుంటే పునర్నిర్మాణంతో సరిపెట్టుకోవడమే తెలివైన పని. పెద్ద గోళాలకు లెక్క బరువు పెరుగుతుంది: 660 నానోమీటర్ల కాంతిలో అర మైక్రాన్ వ్యాసార్థానికి లోరెంజ్-మీ సిద్ధాంతపు శ్రేణిలో 16 పదాలు చాలు, 5 మైక్రాన్లకు 80 దాటాలి. తప్పుడు లోయలు కూడా అదే లెక్కన పెరుగుతాయి. దట్టమైన నమూనాలకూ, వేరే దారిలో వచ్చే సూచక కిరణంతో చేసే ఆఫ్-యాక్సిస్ హోలోగ్రఫీకీ ఇది పనికిరాదు.

డాక్యుమెంటేషన్ ట్యుటోరియల్ వరకు చక్కగా ఉంది, ఉదాహరణ డేటా కూడా ప్యాకేజీతోనే వస్తుంది. దాన్ని ముందు నడిపి చూడండి. ఆ డేటా మీద ఫిట్ కుదిరి మీ డేటా మీద కుదరకపోతే, లోపం ఎటువైపు ఉందో వెంటనే తెలుస్తుంది. ట్యుటోరియల్ దాటి లెన్స్ నమూనా, పరామితుల ముడి వంటి చోట్లకు వెళ్తే వివరణ క్లుప్తంగా మారుతుంది, కోడ్ తెరిచి చదువుకోవాల్సిందే.

ఫ్రేముల మధ్య ఏ కణం ఏదో జతచేసి పథంగా కలిపే పని హోలో-పై చేయదు. దానికి ట్రాక్-పై వాడుకోవాలి, మూడు దిశల డేటాను కూడా అది తీసుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేముల దగ్గర 1 మైక్రాన్ పూస ఒక్కో దిశలో సగటున 0.18 మైక్రాన్ జరుగుతుంది కాబట్టి వెతుకులాట దూరం 1 మైక్రాన్ పెడితే సరిపోతుంది. వేలాది గోళాల్ని ఒక్కొక్కటిగా కొలిచి సైజు, గుణకాల పంపిణీ గీయడమే మీ పని అయితే గ్రయర్ బృందం పైలోరెంజ్‌మీ వైపు చూడండి. గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది, ఒక్క గోళం లెక్కకే పదును పెట్టినది. గుత్తులు, ఫోకస్ తలాన్ని దాటే కణాలు, సరైన అనిశ్చితి అంచనాలు కావాలంటే మాత్రం హోలో-పైనే ఎంచుకోండి. ఏది వాడినా అసలు టిఫ్ ఫ్రేముల్ని, నేపథ్యాన్ని, చీకటి చిత్రాన్ని చెరిపేయకండి. మెరుగైన నమూనా వచ్చిన రోజున పాత ఫ్రేముల మీద కొత్తగా ఫిట్ చేసుకోవచ్చు, కేవలం జెడ్ అంకెలు దాచుకుంటే ఆ వీలు ఉండదు.